మీటరు కర్రముక్కకు కట్టిన తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. ఇత్తడి ఒళ్లు, మూడు పళ్లు. నాకు జోడీగా పుట్టింది ఎప్పుడో పోయింది. మొదట్లో ఈ చీరల షాపు గోడౌనుకు కాపలా కాశాను. అక్కడికి కొత్త తాళం రాగానే నన్నూ నా తాళాన్నీ ఆడవాళ్ల బాత్రూముకు మార్చారు. బాత్రూమును ఎవరు ఎత్తుకుపోతారని భయపడ్డారో నాకు నేటికీ అర్థం కాలేదు.

అమ్మాయిలు నన్ను పొరపాటున ఇంటికి పట్టుకుపోకుండా మేనేజర్ పిచ్చయ్యగారు విరిగిన మీటరు కర్రలోంచి జానెడు ముక్క కోసి నాకు కట్టారు. నేను కావాలంటే కౌంటర్లో ఆయన్ని అడగాలి, ఆ కర్రముక్క పట్టుకుని కొనేవాళ్ల మధ్యలోంచి నడవాలి. అంతకంటే నీళ్లు మానేయడమే సుఖమనుకున్నారు అమ్మాయిలు. వాళ్ల సీసాలు పొద్దున నిండుగా వచ్చి సాయంత్రం నిండుగానే వెళ్లేవి.

ఫ్యాన్సీ చీరలమ్మే సువార్త మూడేళ్లలో నన్ను పట్టుమని పదిసార్లు అడిగి ఉండదు. అలాంటిది పెళ్లిళ్ల సీజన్లో ఒకరోజు భోజనాల వేళలోపే నాలుగుసార్లు అడిగింది. లోపల పళ్లు బిగబట్టేది. వచ్చేది నాలుగు చుక్కలు, అదీ మంట. నాకు గుండె లేదు గానీ, ఉంటే ఆ రోజే దడదడలాడేది.

"సబ్జా నీళ్లతో సరిపెట్టకే, డాక్టరుకు చూపించుకో" అంది పక్క సెక్షన్ ఝాన్సక్క.

మూత్రం పరీక్ష చేసి ఐదు రోజులకు మాత్రలిచ్చారు. "రెండ్రోజులకే తగ్గిందక్కా. మిగతావి దాచా, మళ్లీ వస్తే పనికొస్తాయిగా" అని సువార్త నవ్వుతూ చెప్పింది. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. సీసా ఇంకా నిండుగానే వెళుతోంది మరి.

వారం తిరిగేసరికి ఆమె అరచెయ్యి పెనంలా కాలుతోంది. చలిజ్వరం వణుకుకు కర్రముక్క కౌంటరుకు కొట్టుకుంటోంది.

"మళ్లీనా?" అని నవ్వారు పిచ్చయ్యగారు.

లోపల నడుము పక్కన పట్టుకుని వాంతి చేసుకుంది, గోడవారన కూలబడింది. నేను అరవలేను. ఎంతసేపటికో ఝాన్సక్క వచ్చి తలుపు తోసింది. ఆటోలో ఆసుపత్రికి వెళుతున్నా నేను సువార్త పిడికిట్లోనే ఉన్నాను.

"ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది" అంది డాక్టరమ్మ. "మంట తగ్గిందని మందు ఆపేస్తారా అమ్మా? రాసినన్ని రోజులూ వేసుకోవాలి. నీళ్లు తాగు. వస్తే ఆపుకోకు."

"తాగితే దీన్ని అడగాలండీ" అని సువార్త నన్ను చూపించింది.

డాక్టరమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. దిండు పక్కన పెట్టింది.

సెలైన్లు, ఇంజెక్షన్లు. మూడు రోజులు దిండు పక్కన పడి ఆమె జ్వరం దిగుతుందా అని చూస్తూ ఉన్నాను. నాలుగో రోజు దిగింది.

పది రోజుల తర్వాత నన్ను కౌంటరు మీద పెట్టి, "మీ తాళంచెవి, సార్" అంది సువార్త. ఆయన తల ఎత్తకుండానే నన్ను సొరుగులోకి తోశారు. సువార్త పడిపోయిన రోజు హడావుడిలో ఎవరో బాత్రూముకు తాళం వేసేశారట, నేనేమో ఆసుపత్రిలో ఉన్నాను. అమ్మాయిలంతా వచ్చి కౌంటరు ముందు నిలబడితే ఆయనే సుత్తి తెప్పించి తాళం పగలగొట్టించారట. కొత్త తాళం కొనే ధైర్యం మళ్లీ చేయలేదు.

ఇప్పుడు సొరుగులో మొండి కత్తెరల మధ్య ఉన్నాను. పని లేదు, భయం మాత్రం పూర్తిగా పోలేదు. రోజూ పదకొండింటికి ఫ్యాన్సీ సెక్షన్ వైపు నుంచి సీసా మూత తిరిగే చప్పుడు కోసం ఎదురుచూస్తాను. అది వినపడ్డాక, గుటకలు కూడా లెక్కపెట్టుకుని, అప్పుడు నెమ్మదిస్తాను.