మలుపు దగ్గర బీరువా

జాకీకి ఆ పేరు ఊరికే రాలేదు. ఇళ్లు మారేవాళ్ల సామాను మోయడం అతని పని. ఎంత బరువైన బీరువా అయినా అతను భుజం ఆనించాడంటే లేవాల్సిందే. మోతలో అతనికి జోడీ సొంత బామ్మర్ది. మెట్లు దిగేటప్పుడు బామ్మర్ది కిందివైపు పట్టుకుని వెనక్కి అడుగులేస్తాడు. జాకీ పైవైపు పట్టుకుని ఎటు అడుగెయ్యాలో చెబుతాడు. పెళ్లైన కొత్తలో కుదిరిన జోడీ అది. మధ్యలో ఇద్దరూ నానా మాటలూ అనుకున్నారు గానీ, ఇంకొకరితో కలిసి మోసింది మాత్రం లేదు.

అలాంటి భుజం ఒకరోజు ఫ్రిజ్ లేపుతుంటే లోపల టక్కుమంది. పట్టేసిందిలే అనుకున్నాడు. చొక్కా తొడుక్కోవడానికి పెళ్లాం సాయం కావాల్సి వచ్చాక గానీ అయ్యగారు ఆస్పత్రి గడప తొక్కలేదు. భుజం గిన్నె చుట్టూ రబ్బరు వాషరులాంటి అంచు ఒకటుంటుందట, అది చిరిగిపోయిందట. చిన్న రంధ్రాలు చేసి, ఎముకలోకి మేకుల్లాంటివి దించి, ఆ అంచును దారంతో బిగించారు. చెయ్యి మెడకు వేలాడే పట్టీలోకి వెళ్లింది.

“టీకప్పు కూడా ఆ చేత్తో ఎత్తకండి,” అంది ఫిజియో మేడం. బల్ల మీదికి వంగి చేతిని ఊరికే వేలాడదీసి, మెల్లగా ఊపమంది. ఇళ్లకిళ్లు మోసినవాడికి ఇదేం ఖర్మ అని జాకీ పళ్లు నూరాడు. పక్క మంచం మీద తుంటిలో అలాంటి అంచే చిరిగిన డాన్సు టీచరు ఉండేది. “నొప్పి తగ్గగానే నయమైపోయిందనుకోకండి. అలా అనుకునే నేను మళ్లీ వచ్చి పడ్డాను,” అందావిడ. జాకీ తలూపాడు. చెప్పినవన్నీ బుద్ధిగా చేశాడు కూడా, పాపం.

ఎందుకంటే రోజూ సాయంత్రం బామ్మర్ది వచ్చి ఒకటే మాట చెప్పేవాడు. “తొందరేం లేదు బావా. ఈలోగా మన దగ్గర పని నేర్చుకున్న గడ్డపోడితో సర్దుకుంటాను. నువ్వొచ్చిన రోజు వాణ్ణి పంపించేస్తా.” ఆ మాట మీదే జాకీ బతికాడు. భుజం బాగుపడటమంటే అతనికి మళ్లీ ఆ మెట్ల మీద నిలబడటమే.

ఒకరోజు ఇంట్లో తోచక వాళ్లు పనిచేస్తున్న చోటికి వెళ్లాడు. “బావా, చూడు గానీ చెయ్యి పెట్టావో, అక్కతో చెబుతా,” అని నవ్వాడు బామ్మర్ది. జాకీ మెట్ల కింద నిలబడ్డాడు. పైనుంచి చెక్క బీరువా దిగుతోంది. బామ్మర్ది వెనక్కి అడుగులేస్తున్నాడు, పైన గడ్డపోడు.

ఇరుకు మెట్ల మలుపులో బీరువా నేరుగా తిరగదు. పైనున్నవాడు దాన్ని కిందివాడి మీదికి బాగా ఒరగేసి, తన వైపు అంచు లేపి తిప్పాలి. ఆ కిటుకు గడ్డపోడికి కూడా జాకీ నేర్పిందే. కానీ జాకీ ఎప్పుడూ పైనే ఉన్నాడు. కిందినుంచి అదెలా కనబడుతుందో జన్మలో చూడలేదు. బీరువా మొత్తం బామ్మర్ది తల మీదికి వాలిపోవడం ఒక్కటే అతనికి కనబడింది. పట్టీ విదిల్చి రెండంగల్లో ఎగబాకి, కట్టుకట్టిన చెయ్యే చాచి తోశాడు.

బీరువా పడలేదు. అది పడేదే కాదు. భుజంలో కుట్లు తెగాయి.

మళ్లీ ఆపరేషన్ చేశారు. “ఇంటిపనులు చేసుకోవచ్చు. మోత పని మాత్రం ఇక వద్దు,” అన్నాడు డాక్టరు. జాకీ ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని గుడ్ల నీళ్లు కుక్కుకున్నాడు.

మర్నాడు పొద్దున బామ్మర్ది వచ్చి పక్కన కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. జాకీయే ముందు మొదలెట్టాడు.

“ఇక గడ్డపోణ్ణి పంపించకురా. మంచోడే. మలుపు దగ్గర వాడు ఒరగేసినప్పుడు భయపడకు. కిందినుంచి చూస్తే మీద పడిపోతున్నట్టే ఉంటుంది.”

“నాకు తెలుసు బావా,” అన్నాడు బామ్మర్ది. “నువ్వు ఒరగేసినప్పుడల్లా అలాగే ఉండేది.”

జాకీ అతనికేసి చూశాడు. “మరి ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేంరా?”

“చెప్పడానికేముంది? పైనున్నది నువ్వు కదా.”

జాకీ ముఖం గోడవైపు తిప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. వీధిలో గడ్డపోడు పనికి ఆలస్యమవుతోందని సామాను బండి హారన్ కొడుతూనే ఉన్నాడు. బామ్మర్ది లేవలేదు.