డ్రమ్ములో దాచిన రాత్రి

అతను ఇంటికొచ్చే వేళకి ఆమె టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ ఉండేది. గుమ్మంలో ఒకరినొకరు తప్పుకుంటూ నాలుగు మాటలు మాట్లాడుకునేవారు.

"గ్యాస్ అయిపోవచ్చిందండి."

"చెప్తాలే."

"నీళ్ళు కాచి పెట్టాను, చల్లారిపోతాయి."

"ఊఁ."

అంతే. ఆమె చెప్పులు వేసుకుని సంచుల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చోవడానికి పోయేది. అతను స్నానం చేసి, ఆమె లేచిన పక్కలోనే, ఇంకా వెచ్చగా ఉన్న చోట పడుకుని, కళ్ళ మీద తువ్వాలు కప్పుకునేవాడు. సాయంత్రం ఆమె వచ్చేసరికి మళ్ళీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండేవాడు. ఉన్నది ఒకటే మంచం. దాన్ని వాళ్ళు వంతులేసుకుని వాడుకుంటున్నట్టే ఉండేది.

అతనిది సీసాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. గాజు కరిగే కొలిమి ఒకసారి చల్లారితే మళ్ళీ దారికి తేవడం పెద్ద గోల కాబట్టి, రాత్రంతా దాని ముందు ఒక మనిషి ఉండాల్సిందే. వీధిలో అందరూ అతన్ని కొలిమాయన అనేవారు.

రాత్రి పని చేసేవాళ్ళ ఇళ్ళన్నిటిలో ఉండేదే వాళ్ళింట్లోనూ ఉండేది. రాత్రి బట్టలకి అంటుకుని ఇంటికొచ్చేది. కొలిమాయన చొక్కా బకెట్లో వేస్తే నీళ్ళు నల్లబడేవి. అది మసి కాదు, మసైతే అడుక్కి దిగుతుంది. ఇది రాత్రి. ఆ నీళ్ళు పారబోస్తే కాలవ పొడుగునా కీచురాళ్ళు అరిచేవి. ఎదురింటి కోళ్ళు పొద్దున్నే లేచినవి మళ్ళీ ముడుచుకుని పడుకునేవి.

"అమ్మాయ్, ఆ నీళ్ళేవో కాస్త అవతలగా పొయ్యవమ్మా! గుడ్లు పెట్టడం మానేస్తున్నాయి నా కోళ్ళు," అని కోళ్ళావిడ కసిరేది.

అచ్చాఫీసులో పనిచేసే ఆయన ఇంటి ముందూ, ఆస్పత్రి ఆయా ఇంటి ముందూ ఇదే తంతు. వానాకాలం బట్టలు ఆరడం లేదని ఎవరూ ఆశ్చర్యపోరు కదా, ఇదీ అంతే.

మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోగా ఎవరూ వినలేదు. పోట్లాడుకోవాలన్నా ఇద్దరూ ఒకే వేళకి మెలకువగా ఉండాలి. సెలవు రోజున కూడా అతను అలవాటు కొద్దీ పగలంతా పడుకుని, రాత్రంతా అరుగు మీద కూర్చునేవాడు. ఒకసారి ఆమె వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "ఒళ్ళంతా నొప్పులే," అన్నాడు, వీధిలోకి చూస్తూ. ఆమె చెయ్యి తీసేసుకుంది. మళ్ళీ వెయ్యలేదు.

దానికి ముందు జరిగిన సంగతొకటి ఉంది. రెండేళ్ళ కిందట ఆమెకి ఐదో నెల. ఒక రాత్రి ఉన్నట్టుండి నొప్పులు వచ్చాయి. పక్కింటి రైలు పిన్ని బండి పిలిపించి ఆస్పత్రికి తీసుకెళ్ళింది, కోళ్ళావిడ తన తమ్ముడిని ఫ్యాక్టరీకి కబురుతో పంపింది. బిడ్డ దక్కలేదు. కొలిమాయన తెల్లారాక, డ్యూటీ దిగాక, ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. "కబురు ఇప్పుడే అందింది," అన్నాడు. కాసేపాగి, "టీ తాగుతావా?" అన్నాడు. ఆమె తలూపింది. ఆ విషయం మీద వాళ్ళ మధ్య నడిచిన మాటలు అవే.

ఈమధ్య ఆమె అక్క ఫోన్ చేసింది. వాళ్ళ ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీ పెట్టారు, కుట్టేవాళ్ళు కావాలిట, వచ్చెయ్యవే అంది. ఆమె ఆలోచించి చెప్తానంది గానీ, ఆ సాయంత్రమే అటక మీది పెట్టె దించి దుమ్ము తుడిచింది.

రైలు పిన్ని అది చూసింది. ఆవిడ భర్త బతికున్నన్నాళ్ళూ రైళ్ళకి రాత్రిపూట సిగ్నళ్ళు ఇచ్చేవాడు. ఆ పేరు ఆవిడకి అలా వచ్చింది.

"వెళ్తావా?" అంది పిన్ని, గుమ్మానికి ఆనుకుని.

"ఇక్కడుండి ఏం చెయ్యను పిన్నీ? ఈ ఇంట్లో నేనొక అద్దెకున్న మనిషిని."

"వెళ్తే వెళ్ళు, కాదనను. కానీ ఒక్క రాత్రయినా కాపురం చేసి వెళ్ళు."

"రాత్రెక్కడుంది నాకు?"

"రోజూ కాలవలో పారబోస్తున్నావు కదటే, పిచ్చిమొహమా! మీ బాబాయి చొక్కాలు నేను ఒక్కనాడు సబ్బుతో ఉతకలేదు. సబ్బు తగిలితే రాత్రి విరిగిపోతుంది. ఉత్త నీళ్ళలో నానేసి, పిండి, మూతున్న దాంట్లో దాచేదాన్ని. ఆయనకి సెలవొచ్చినప్పుడు ఒక చెంబుడు గదిలో పెట్టి మూత తీసేదాన్ని. మా ముగ్గురు పిల్లలూ అలా పట్టపగలు కడుపున పడ్డవాళ్ళే." ఆవిడ నవ్వింది గానీ, మళ్ళీ పెట్టె వైపు చూసి ఆపేసింది.

ఆమెకి పెద్ద ఆశేమీ లేదు. అయినా మర్నాటి నుంచీ చొక్కాలు ఉత్త నీళ్ళలో నానేసి, పిండి, మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పొయ్యడం మొదలుపెట్టింది. అక్కతో వచ్చే నెల అంది, ఆ తర్వాత పై నెల అంది. డ్రమ్ము నిండింది.

అతని సెలవు రోజున ఆమె కూడా పనికి సెలవు పెట్టింది. మధ్యాహ్నం అతను తువ్వాలు కప్పుకుని పడుకుని ఉండగా డ్రమ్ము గదిలోకి లాక్కొచ్చింది. చెంబుతో ముంచబోయి ఆగింది. ఇంతా చేసి కొలుచుకోవడం ఎందుకనిపించి, మూత పూర్తిగా తీసేసింది.

చీకటి ఆవిరిలా నెమ్మదిగా లేచింది. ముందు మంచం కింద చేరింది, తర్వాత గోడలెక్కింది, చివరికి కిటికీ కూడా కనపడలేదు. బయట కూరగాయల బండివాడి కేక ఎక్కడో పక్క ఊరి నుంచి వచ్చినట్టు వినిపించింది. అతను లేచి కూర్చున్నాడు.

"డ్యూటీ టైమయిందా?"

"లేదు. ఇది మీ చొక్కాల్లోంచి పిండిన రాత్రే."

"పారబోస్తున్నావనుకున్నా," అని అతను మళ్ళీ పడుకున్నాడు. ఆమె పక్కన పడుకుంది. పక్కన ఇంకో మనిషి ఉంటే చేతులెక్కడ పెట్టుకోవాలో అతను మర్చిపోయాడు. కాసేపు గుండెల మీద పెట్టుకున్నాడు, కాసేపు తల కింద.

"నేను అక్క దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటున్నానండి."

"తెలుసు. పెట్టె దించావుగా."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఎందుకో చెప్తావని."

తర్వాత అతను, ఎవరో చెప్పమన్నట్టు, చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు కబురు నాకు రాత్రే అందింది. పొద్దున అందిందన్నది అబద్ధం. మేస్త్రీ వెళ్ళమన్నాడు, కొలిమి తను చూసుకుంటానన్నాడు. గేటు దాకా వచ్చాను, సైకిల్ తాళం తీశాను. కాళ్ళు కదల్లేదు. వస్తే అది నిజమైపోతుందనిపించింది. వెనక్కెళ్ళి తెల్లారేదాకా కొలిమి ముందే నిలబడ్డాను." ఊపిరి తీసుకున్నాడు. "పగటి షిఫ్టుకి మారమని ఆ తర్వాత రెండుసార్లు అడిగారు. నేనే వద్దన్నాను. రాత్రిళ్ళు నీ పక్కన పడుకుంటే ఎప్పుడో ఒకప్పుడు అడుగుతావు."

ఆమె లేచి కూర్చుని అతన్ని కొట్టింది. దెబ్బ ఎక్కడ తగిలిందో ఆ చీకట్లో ఇద్దరికీ తెలియలేదు.

"నేను చూశాను వాణ్ణి. నువ్వు చూడలేదు. నువ్వు చూడలేదు కాబట్టి ఈ ఇంట్లో వాడు పుట్టనే లేదు. అంతేనా?"

పెళ్ళయ్యాక ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

"ఎలా ఉన్నాడు?" అని అడిగాడు అతను.

ఆ మాట ఎవరైనా అడుగుతారని రెండేళ్ళు చూసి, చూసి, చూడటం మానేసింది.

"అరచేతిలో పట్టాడు. వేళ్ళకి గోళ్ళు కూడా వస్తున్నాయి. చెవులు నీవే, పైన కొంచెం మడత. తుడిచి గుడ్డలో చుట్టారు. వాళ్ళ నాన్న చూస్తాడా, ఉంచమంటావా అని నర్సు అడిగింది. వస్తాడు, ఉంచండి అన్నాను. తెల్లారేదాకా ఉంచారు. ఇంక కుదరదమ్మా అని తీసుకెళ్ళిన కాసేపటికి నువ్వు ఫ్లాస్కుతో వచ్చావు."

అతను ఏడ్చాడు. మగవాళ్ళు దగ్గుతున్నట్టు ఏడుస్తారే, అలా. ఆమె ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. ఏడుపు తగ్గాక అతని చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె మోచేతిని పట్టుకుంది. వేడికి మొద్దుబారిన ఆ అరచెయ్యి ఆమెకి కొత్తవాళ్ళదిలా అనిపించింది. అయినా లాక్కోలేదు. ఆ తర్వాత వాళ్ళు మొగుడూ పెళ్ళాల్లాగే ఉన్నారు, తడబడుతూ, మధ్యలో ఆగుతూ, ఒకరి మొహం ఒకరు వేళ్ళతో తడుముకుంటూ.

పిన్ని చెంబుడు చాలునంది. ఆమె తెరిచింది డ్రమ్ము మొత్తం. ఆ రాత్రి సాయంత్రం దాటింది, బయటి రాత్రిని కలుపుకుంది, మర్నాడూ, ఆ మర్నాడూ కూడా విడవలేదు. ఫ్యాక్టరీ సైరన్లు వాళ్ళకి వినిపించలేదు. మేస్త్రీ పంపిన మనిషి రెండుసార్లు వచ్చి, గుమ్మమెక్కడుందో తడిమి తడిమి దొరక్క వెళ్ళిపోయాడు. చీకటి పల్చబడి కిటికీ కనిపించేసరికి కొలిమాయన రెండు డ్యూటీలు ఎగ్గొట్టినట్టు తేలింది.

చెప్పకుండా మానేసినవాణ్ణి కొలిమి దగ్గర ఉంచరు. అతన్ని పగటి పనిలో పడేశారు, పగిలిన గాజు ఏరే చోట. మామూలుగా కొత్తగా చేరినవాళ్ళు చేసే పని అది. సాయంత్రం ఇంటికొచ్చి, వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుంటూ ఆ సంగతి చెప్పాడు. ఆమె విని అన్నం వడ్డించింది.

అప్పటి నుంచి ఇద్దరూ ఒకే వేళకి పడుకుంటున్నారు. అంతా సర్దుకుందని కాదు. అతనికి నిద్ర రాదు, కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తాడు. ఆమెకి ఒక్కోరోజు గేటు దగ్గర తాళం తీసిన సైకిలు గుర్తొచ్చి ఒళ్ళు మండిపోతుంది, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. అలాంటి రాత్రుల్లో అతను లేచి అరుగు మీదికి పోవడం మానేశాడు. ఆమె వీపు చూస్తూ అక్కడే ఉంటాడు. అక్క మళ్ళీ ఫోన్ చేస్తే ఆమె వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఒక సెలవు రోజు పొద్దున అతను చొక్కా వేసుకుని నిలబడి, "నన్నక్కడికి తీసుకెళ్ళు," అన్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు.

ఆస్పత్రి వెనక ఊడ్చే ముసలాయన గోడ పక్కన, అలాంటి బిడ్డల్ని పూడ్చే చోటు చూపించాడు. చూడ్డానికేమీ లేదు. తుప్పు పట్టిన గొట్టం, కలుపు మొక్కలు, ఎవరో ఆరేసిన దుప్పట్లు.

"ఇక్కడేనా?"

"ఇక్కడే అన్నారు. నేనూ ఇప్పుడే చూడటం."

అతను గొంతుక్కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. దుప్పట్లు తీసుకోవడానికి వచ్చిన మనిషి వాళ్ళని చూసి, తర్వాత వస్తానని వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు నిండుగా ఉంది. ఒక్క సీటు దొరికితే ఆమె కూర్చుంది, అతను పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కట్టుకట్టిన వేళ్ళతో పట్టు సరిగ్గా దొరక్క ప్రతి మలుపుకీ తూలుతున్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రెండు స్టాపులు దాటాక, మొహం తిప్పకుండానే, కిటికీ వైపు జరిగి సగం సీటు ఖాళీ చేసింది.

"పడిపోతావు. కూర్చో," అంది.