టీవీ చప్పుడు

"ఏమే ప్రేమలతా, ఫోన్ల నీ మొకమే గదా కానొచ్చేది, చేతులు ఖాళీగెందుకు? గీ గోకరకాయ తుంచు," అని ఈరమ్మ గిన్నె తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది.

అత్తగారి లెక్కలో కూర్చుని చేసేది పని కాదు. ప్రేమలత తొమ్మిదో తరగతికి మరాఠీలో సైన్సు చెబుతూ ఒళ్లో గోరుచిక్కుళ్లు తుంచసాగింది. చంద్రపూర్ ఎండలకు బడి ముందే మూసేసి, మిగిలిన పాఠాలు ఫోన్లో చెప్పమన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ మొగుడు సదానందం పడుకునే గదిలో ఉంది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మగవాడు నిద్రపోవాలి కదా మరి! తెల్లవారకముందే లేచి ముగ్గురికీ వండిన ఆడదానికి నిద్రెందుకు? అందుకని ఆమెకు వంటిల్లు దక్కింది. వెనకాల తెల్ల దుప్పటి కట్టుకుంది. పిల్లలకు కనిపించేది దుప్పటి ముందున్న టీచరు. దుప్పటి వెనక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

దుప్పటి కట్టమన్నది బడివాళ్లే. పాఠాలు మొదలుపెట్టే ముందు నియమాలు పంపి సంతకం పెట్టించుకున్నారు. టీచరు వెనక గోడ ఖాళీగా ఉండాలి. ఇంటివాళ్లు కనిపించకూడదు, వినిపించకూడదు. పాఠం రికార్డు తీసేయకూడదు. పిల్లలు చెడ్డమాటలు రాస్తే తీసేయాలి, ప్రశ్న అడిగితే మర్నాటికల్లా జవాబివ్వాలి. ప్లాట్‌ఫాం మీద ఏం జరిగినా బాధ్యత టీచరుదే. ఆ చివరి మాట చదివి ప్రేమలతకు నవ్వొచ్చింది. పప్పు మాడితే తన బాధ్యత, అత్తకు కాళ్లు గుంజితే తన బాధ్యత, పెళ్లయి ఇన్నేళ్లకూ పిల్లలు పుట్టకపోతే అదీ తన బాధ్యతే. కాస్త చదువుకున్నవాళ్లు కాబట్టి బడివాళ్లు కాగితం మీద పెట్టారు, అంతే తేడా.

ఆ రోజు నల్లా నీళ్లు రాలేదు. నిద్ర చెడిన సదానందం గదిలోంచి నీళ్ల కోసం అరిచాడు. పాఠం మధ్యలో లేవలేక ఆమె విననట్టే ఉంది. రెండోసారి అరుస్తూ వంటింట్లోకే వచ్చాడు. మైకు ఆపుదామని గబగబా వేలు పెట్టింది గానీ, చెమటకు తడిసిన చేతికి ఫోన్ పలకలేదు.

"బాయిల దిగి బొగ్గు మింగి నేనొస్తె గుక్కెడు నీళ్లకు దిక్కు లేదు. నువ్వేమో గీడ బాయివైనవానె, లంజెదానా!"

మరాఠీ బళ్లలో టీచరమ్మను బాయి అంటారు. వాళ్లుండే లాల్‌పేట్ బస్తీలో తెలుగువాళ్లు బొగ్గుగనిని బాయి అంటారు. తల్లీకొడుకులకు ఇన్నేళ్లయినా పాతబడని పరాచికం అది. "మావోడు బాయిల దిగవట్టె, కోడలు బాయై నెత్తికెక్కవట్టె," అని ఈరమ్మ వాకిట్లో కూర్చుని నలుగురినీ నవ్విస్తుంటుంది. ఆ రోజు మాత్రం పరాచికం వెనకాలే చెంప మీద దెబ్బ పడింది. ఫోన్లో కనబడకుండా ఎక్కడ నిలబడి కొట్టాలో సదానందానికి బాగా తెలుసు. పిల్లలకు కనిపించిందల్లా బాయి ఒక పక్కకు ఒరిగి మళ్లీ దుప్పటి ముందుకు రావడమే. తర్వాత ఆమె, "సరే పిల్లలూ, ముందుకు పోదాం," అని మరాఠీలో అంది. మిగిలిన పాఠం చివరిదాకా చెప్పింది. తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేని పని అదేనని ఆమెకు అప్పుడే అనిపించింది.

సాయంత్రానికల్లా రికార్డు తల్లిదండ్రులందరి చెవులకూ చేరింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ప్రేమలతకు సొంత తోడికోడలు లేదు గానీ, ఆ లోటు తీర్చడానికి తరగతికి తరగతే ఉంది.

హెడ్మాస్టరు మధుకర్ సార్ ఫోన్ చేశాడు. "బాయీ, మీ ఇంటి సంగతి మీది. అది మన ప్లాట్‌ఫాం మీదికి ఎందుకొచ్చింది? సంతకం పెట్టారు కదా. పక్కన టీవీ మోగిందని, క్షమించమని రాసేయండి. జూన్‌లో మీ కాంట్రాక్టు మళ్లీ నా దగ్గరికే రావాలి, గుర్తుంచుకోండి." మర్యాదస్తుడు, ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. చెంప ఎలా ఉందని కూడా అడగలేదు.

సదానందం అంత మర్యాద పాటించలేదు. "మా బాయి పనోళ్ల పోరగాండ్లు గూడ ఉన్నరు ఆ క్లాసుల. నా ఇజ్జత్ తీసినవ్. గంత చదివినవ్, మైకు బంద్ జేసుడు రాదా? టీవీ అని రాయి."

"మా కాలంల మేం తిన్న దెబ్బలు పక్కింటి గోడకు గూడ ఇనబడకపోయేటివి," అంది ఈరమ్మ. ఆమె గొంతులో గర్వమే ఉంది.

ముగ్గురిలో ఒక్కరికీ కొట్టడం తప్పనిపించలేదు. వినబడటమే తప్పు. అయినా ప్రేమలత రాసింది. పుట్టిల్లు రాజురాలో పొలం పని చేసుకుంటూనే పట్టుబట్టి చదివి తెచ్చుకున్న ఉద్యోగం అది. అది పోతే తనకు మిగిలేది దుప్పటి వెనకభాగమే. 'టీవీ చప్పుడు వినిపించినందుకు క్షమించండి' అని రాసి, అందరికీ పంపింది.

"ఏ సీరియల్ బాయీ? మా ఆయీ కూడా చూస్తానంటోంది," అని నితిన్ అనే పిల్లవాడు వాళ్లమ్మ పేరు చెప్పి రాశాడు. దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. అందులో చెడ్డమాట ఒక్కటీ లేదు కనక తీసేయడానికీ వీల్లేదు.

మర్నాడు పొద్దున విద్య రాసింది. లాల్‌పేట్ పిల్లే, క్లాసులో నోరు విప్పదు. తెలుగు అక్షరాలు రావు కాబట్టి మరాఠీ అక్షరాల్లో తెలుగు రాసింది. "బాయీ, మా బాపు గూడ మా అమ్మ మీద గిట్లనే టీవీ పెడతడు. క్లాసుల ఎవరికి ఇనబడకుండ మైకు ఎట్ల బంద్ జెయ్యాలె?"

పిల్ల వెటకారమాడలేదు. నిజంగానే నేర్పమని అడిగింది. ప్రేమలత ఆ మాటలు మళ్లీ చదివింది. తను రాసిన అబద్ధాన్ని ఆ పిల్ల ఎంత తేలిగ్గా తన ఇంటికి తెచ్చుకుంది! దెబ్బకు టీవీ అని పేరు పెట్టి నేర్పింది ఎవరు? తనే. పాఠాలన్నిటిలోకీ పిల్లలకు బాగా అర్థమైన పాఠం అదొక్కటే.

మళ్లీ మధుకర్ సార్ ఫోను. "ఆ పిల్ల ఏదో తెలుగులో రాసింది. బూతులా? వెంటనే తీసేయండి."

తీసేస్తే అయిపోతుంది. ఆయనకు తెలుగు రాదు. బూతేనంటే నమ్ముతాడు. జూన్‌లో కాంట్రాక్టు వస్తుంది. విద్య ఎలాగూ నోరు విప్పే పిల్ల కాదు.

"బూతు కాదు సార్," అంది ప్రేమలత. "ప్రశ్న."

"ప్రశ్నా? అయితే జవాబు రాసేయండి. నియమం తెలుసు కదా."

"తెలుసు సార్," అంది.

గదిలోంచి సదానందం చాయ్ కోసం కేక వేశాడు. ఈరమ్మ "ఇనబడ్తలేదా?" అని అందుకుంది. ప్రేమలత తడిచేతులు చీరకొంగుకు శుభ్రంగా తుడుచుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది. జవాబు మరాఠీలోనే రాసింది, మధుకర్ సార్‌కూ నితిన్ వాళ్ల ఆయీకీ అందరికీ అర్థమయ్యేటట్టు.

"విద్యా, నేను అబద్ధం రాశాను. అది టీవీ కాదు, నా మొగుడు నన్ను కొట్టిన చప్పుడు. నువ్వు మైకు ఆపకు."