చెయ్యి తీస్తే ఆరిపోయేదాన్ని

నేను ఒక గ్యాస్ హీటరుని. ఇనుప ఒళ్లు, జల్లెడ లాంటి ముఖం, మోసుకుపోవడానికి నెత్తిన ఒక పిడి. గ్యాస్ బండకు తగిలించి, మీట నొక్కి ముట్టిస్తే ముఖం ఎర్రబడుతుంది. కోపంతో కాదు, నా పనే అది.

ఏ రేకుల షెడ్డులో పుట్టానో గుర్తులేదు గానీ, నా మొదటి కొలువు ఓ కొండ మీది హోటల్లో. చలి చూడాలని అంత దూరం ఎక్కి వచ్చినవాళ్లు, తీరా వచ్చాక నా చుట్టూ చేరి చలి కాచుకునేవాళ్లు. మనుషులు నాకు అప్పటినుంచే అర్థం కాలేదు. హోటలు మూతపడ్డాక పాతసామాన్ల కొట్లో దుమ్ముపట్టి పడి ఉంటే, కనకవ్వ చూసి కరీంనగర్ అవతల ఉన్న తన కోళ్ల షెడ్డుకు తెచ్చుకుంది.

ఆమెకూ భర్త రాజేశానికీ ఆ ఒక్క షెడ్డే బతుకుదెరువు. పుట్టిన రోజే పెట్టెల్లో దిగే కోడిపిల్లలకు మొదటి వారం తల్లి రెక్కలు నేనే. చలేస్తే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కిందివి ఊపిరాడక చస్తాయి. అందుకే ఈ కొలువంటే నాకు గర్వం.

ఒక ఏడు దసరా వెళ్లిన నాలుగో రోజు, ముసురు పట్టిన పొద్దున రెండు వేల పిల్లలు దిగాయి. రాజేశం మీట నొక్కి ముట్టించాడు. భగ్గున వెలిగాను. చెయ్యి తీశాడు. ఆరిపోయాను. మళ్లీ నొక్కాడు, వెలిగాను. తీశాడు, ఆరాను.

ఒట్టు, నాకేమీ అర్థం కాలేదు. బండ ఖాళీ అయిందనుకుని కొత్తది మార్చాడు. గాలి కొడుతోందని గోనెపట్టాలు కట్టాడు. పైపు ఊడదీసి ఊదాడు. ఏం చేసినా అంతే. కనకవ్వ దిష్టి తగిలిందని తేల్చి, నాకు ఇంకో బొట్టు పెట్టింది. అయినా ఆరాను.

పిల్లలు మూలకు చేరి గుట్ట పడుతున్నాయి. ఇక లాభం లేదని కనకవ్వ నా పక్కన పీట వేసుకుని, మీట నొక్కిపెట్టి కూర్చుంది. తాడేసి బిగిద్దామన్నాడు రాజేశం. మంట ఆరితే గ్యాస్ షెడ్డంతా నిండుతుందని ఆమె ఒప్పుకోలేదు. స్టవ్వులు బాగుచేసే యూసుఫ్‌ను పిలుచుకురమ్మని అతన్ని పంపింది. బొటనవేలు తిమ్మిరెక్కితే చెయ్యి మార్చుకుంటూ మధ్యాహ్నం దాకా తిండీ నీళ్లూ లేకుండా అలాగే ఉంది. ఆమె చెయ్యి ఉంటేనే వెలుగుతున్నాను కనుక, నాకు గ్యాస్ కన్నా ఆ చెయ్యే కావాలేమో అనుకున్నాను. నవ్వకండి, అయోమయంలో ఉన్నప్పుడు ఏదైనా నిజమే అనిపిస్తుంది.

యూసుఫ్ వంగి చూసి, నా మంట పక్కన నిలబడ్డ సన్నటి లోహపు పుల్లను గోటితో గీకాడు. పసుపు పెళ్లలుగా రాలింది.

"అక్కా, మంట ఉన్నదా లేదా అని చూసేది ఈ పుల్లనే. దీనికి వేడి తగిలితెనే గ్యాస్ ఇడుస్తది. నువ్వేమో దీని కండ్లకే పసుపు పూసినవ్."

దసరాకు కత్తికీ, పారకూ, స్కూటరుకూ పెట్టినట్టే నాకూ బొట్టు పెట్టింది ఆమె. ముఖం మధ్యలో బొట్టు కోసమే నిలబడ్డట్టు ఆ పుల్ల కనిపించింది. భక్తి ఎక్కువై మందంగా పూసింది. దిష్టికి పెట్టిన రెండో బొట్టు కూడా దానికే.

కనకవ్వ నవ్వలేదు. "నేనే ఆర్పిననా నిన్ను," అంది నాతో.

యూసుఫ్ పుల్లను గరుకు కాగితంతో రుద్ది ముట్టించాడు. మీట మీది చెయ్యి తీయడానికి ఆమె భయపడింది. నేనూ భయపడ్డాను. తీసింది. వెలుగుతూనే ఉన్నాను. పిల్లలు గుట్ట విడిచి నా ముందు పరుచుకున్నాయి. అప్పటికే పదకొండు పోయాయి. వాటిని ఆమె ఏడుస్తూ పూడ్చింది.

ఆ తర్వాత ఏడేళ్లూ దసరా బొట్టు నా పిడికే. ఇప్పుడు షెడ్డుకు కొత్త యంత్రం వచ్చింది. నేను తుప్పుపట్టి దాణా బస్తాల పక్కన ఉన్నాను. పోయిన దసరాకు కనకవ్వ పసుపు గిన్నెతో నా దగ్గరికీ వచ్చింది. పిడి దాకా వచ్చిన వేలు ఆగింది. తర్వాత ఆ పుల్లకే నిండుగా బొట్టు పెట్టింది.

"ఇగ ఆరిపోతవన్న భయం లేదు తియ్," అంది.

ఆ మాట ముద్దో సెలవో నాకు అర్థం కాలేదు. చెయ్యి మాత్రం చాలాసేపు తీయలేదు.