మారిపోయిన పొత్రం

నేను ఒక సన్నికల్లును. మారిషస్ దీవిలో, చెరుకు తోటల మధ్య ఒక ఊళ్లో, సూరమ్మ గారి పెరటి వంటపాకలో నడుమెత్తు సిమెంటు దిమ్మ మీద ఉంటాను. నా మీద పెట్టి నూరే పొత్రాన్ని ఈ దేశంలో ‘బాబా’ అంటారు, పసిబిడ్డ అని. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ నా సంగతి తెలిసే పెట్టారు. నేను తల్లిని. తల్లినన్నాక నాకు రెండే పనులు, భయపడటం, అసూయపడటం. మధ్యలో కాస్త మసాలా నూరించుకోవటం.

ఈ దీవి సముద్రం అడుగు నుంచి నిప్పు కక్కుకుంటూ లేచిందట. ఆ నిప్పు చల్లారితే నల్లరాయి అయింది. ఈ కొస నుంచి ఆ కొసకు బస్సులో రెండు గంటలు, అంతే దేశం. చుట్టూ పగడపు దిబ్బ కంచెలా ఉంటుంది. పెద్ద అలలన్నీ అక్కడే విరిగిపోయి, ఒడ్డుకు మాత్రం బుద్ధిగా వస్తాయి. చూసినవాళ్లు ఎంత అందం అంటారు. నాకేమో ఆ కంచె ఎక్కడైనా తెగితే ఎలాగా అని గుబులు. పైగా ఈ దేశానికి సైన్యం లేదు. ఎవరైనా మీద పడితే అడ్డం నిలబడేదెవరు? ఇంతవరకూ ఎవరూ రాలేదంటారు. రానంత మాత్రాన ఇకముందు రారని రాసిచ్చారా?

వెనకటికి కోరంగి రేవులో ఓడలెక్కి మన తెలుగువాళ్లు ఇక్కడికి చెరుకు పనికి వచ్చారు. చెరుకు నాటాలంటే ముందు రాళ్లు ఏరాలి. తరాల తరబడి ఏరి, చేల మధ్య గుట్టలు పోశారు. ఆ గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఒక గుట్టలోంచి ఎర్రయ్య అనే కూలీ ఒక బండను ఇంటికి దొర్లించుకొచ్చి, ఆదివారాలు కూర్చుని నన్ను చెక్కాడు. మిగిలిన ముక్కలోంచి పొత్రాన్ని తీశాడు. అంటే ఆ బాబా నా ఒంట్లోంచి వచ్చినవాడే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత కావాలి.

ఎర్రయ్య పెళ్లాం ఆదెమ్మ మమ్మల్ని పెరట్లో పెట్టుకుంది. మరుసటి ఏడు, పంతొమ్మిదివందల అరవైలో, కెరోల్ అనే తుపాను వచ్చింది. గడ్డి కప్పు ఎగిరిపోయింది, కోళ్లు ఎగిరిపోయాయి, పక్కింటి తలుపు మా పెరట్లోకి వచ్చింది. ఒక దూలం విరిగి నా బిడ్డ ఎడం కొస మీద పడి, చింతగింజంత పెచ్చు తీసుకుపోయింది. అయినా వాణ్ణి నా పల్లంలోంచి దొర్లనివ్వలేదు. తెల్లారాక ఆదెమ్మ వచ్చి ముందు వాణ్ణి తడిమి, “బతికున్నావురా బాబా” అంది. నన్ను తడమలేదు. అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మరి అసూయ ఎందుకుండదు చెప్పండి? రెండు చేతులా పట్టుకునేది వాణ్ణి. నన్ను తాకేది కడగడానికి. పెళ్లిలో నన్ను పందిట్లోకి మోసుకెళ్తారు, నిజమే, పెళ్లికూతురి కాలు పట్టుకుని నా మీద తొక్కించడానికి. వాడికో? బారసాలనాడు పసిబిడ్డను ఉయ్యాలలో వేసే ముందు పొత్రాన్ని వేస్తారు. పసుపు నీళ్లతో స్నానం, పట్టుగుడ్డ, బుగ్గన కాటుక చుక్క. రాయిలా గట్టిగా నూరేళ్లు ఉండాలని చుట్టూ చేరి పాట పాడతారు. తొక్కడానికి తల్లి, ఊగడానికి బిడ్డ. వాడు ఊగొస్తే నాకు సంతోషమే. కానీ వాడి ఒంటి మీద ఇంకొకరింటి సాంబ్రాణి వాసన వస్తే ఒక పూట నేను మసాలా సరిగ్గా నూరనిచ్చేదాన్ని కాదు.

ఆదెమ్మ పోయింది, కోడలు సూరమ్మ వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. చెరుకు ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదని ప్రభుత్వం వారు బట్టల ఫ్యాక్టరీలు రానిచ్చారు. ఊళ్లో ఆడవాళ్లందరితోపాటు సూరమ్మ కూడా పొద్దున్నే బస్సెక్కి స్వెటర్లు కుట్టడానికి పోయేది. మంచు ఎలా ఉంటుందో తెలియని ఆడవాళ్లు మంచుదేశాలకు స్వెటర్లు కుట్టారు. సాయంత్రం అలిసి వచ్చి నూరే ఓపిక ఎవరికుంటుంది? ఒక్కో ఇంట్లోకీ మిక్సీ వచ్చింది. మా ఇంటికీ వచ్చింది. దాని గోల వినాలి మీరు, చిటికెడు కొత్తిమీరకు ఊరంతా వినపడేంత గోల! ఫ్యాక్టరీల తరవాత హోటళ్లు వచ్చాయి. ఊరికే పడుకున్న ఇసుకను చూడటానికి విమానాల్లో వస్తారు జనం. అరవయ్యేళ్లు పనిచేసిన నన్ను చూడటానికి ఎదురింటివాళ్లు కూడా రారు.

సూరమ్మ మాత్రం చేపల పులుసుకూ, ఇక్కడ ‘సటినీ’ అనే టమాటా పచ్చడికీ నన్ను వదల్లేదు. మిగతా ఇళ్లలో సన్నికళ్లు మొక్కల కింద చేరాయి, పొత్రాలు ఎక్కడెక్కడో పోయాయి. చివరికి ఊళ్లో జతగా మిగిలినవి రెండే. ఒకటి మేము. రెండోది లింగయ్య గారింట్లో. ఆయన ఒకప్పుడు పార్లమెంటు సభ్యుడు, ఇక్కడ ‘డెప్యుటే’ అంటారు. ఆ ఇంటి సన్నికల్లు ఒక్కనాడు మసాలా ఎరగదు. కొని, కడిగి, గేటు పక్కన పెట్టి, మీద ఫెర్ను మొక్క కుండీ పెట్టుకున్నారు. మేడ మీంచి సముద్రం కనిపించే ఇల్లు. అలాంటిదాన్ని తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

ఇలా ఉండగా పక్క వీధిలో కవిత అనే అమ్మాయికి కవలలు పుట్టారు. రెండు ఉయ్యాలలు వేశారు. రెండు ఉయ్యాలలకు రెండు పొత్రాలు కావాలి. ఒకటి మా ఇంటినుంచి, ఒకటి లింగయ్య గారింటినుంచి అడిగారు. సూరమ్మ కోడలు దేవిన వాణ్ణి తువ్వాల్లో చుట్టింది. దేవిన మాట్లాడేది ఇక్కడందరిలాగే క్రియోల్. మీకు అర్థమయ్యేటట్టు నేను తెలుగులో చెబుతున్నాను.

“ఒలే, పదిలం. కాలి మీద పడితే కాలు పోద్ది, నేల మీద పడితే ఆడు పోతాడు,” అంది సూరమ్మ.

“మీ అబ్బాయిని బడికి పంపినప్పుడు కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పి ఉండరు అత్తా.”

“రాజెన్ కిందడితే లెగుత్తాడే. ఈడు లెగుత్తాడా?”

రెండు రోజుల తరవాత వాణ్ణి తెచ్చి నా మీద పెట్టారు. పెట్టిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. వీడు నా బిడ్డ కాదు!

అరవయ్యేళ్లు నూరి నూరి నా నడుమ పల్లం పడింది. నా బిడ్డ నడుమ ఆ పల్లానికి సరిపోయేలా గుండ్రంగా తేలింది. వచ్చినవాడు కర్రలా తిన్నగా ఉన్నాడు. రెండు అంచుల మీద ఆనుకుని, మధ్యలో నన్ను తగలకుండా కూర్చున్నాడు. ఎడం కొసన పెచ్చు లేదు. ఒంటి నిండా పసుపు, బుగ్గన కాటుక. అక్కడ ఇద్దరికీ ఒకేలా స్నానం చేయించి, ఒకేలా చుట్టి, ఎవరి బిడ్డ ఎవరికి ఇవ్వాలో చూసుకోకుండా పంచిపెట్టారు. కవలలను మాత్రం కలిపెయ్యకుండా కాళ్లకు వేరువేరు రంగుల దారాలు కట్టారట. పొత్రాలకు కట్టాలని ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు సూరమ్మ వాణ్ణి ఎత్తింది. “ఏటే, బాబా బరువెక్కినాడు?”

“రెండ్రోజులు ఉయ్యాల్లో పడుకున్నాడు కదా, ఒళ్లు చేశాడు,” అంది దేవిన నవ్వుతూ.

సటినీ పలుకులు పలుకులుగా వచ్చింది. రాజెన్ ఒక ముద్ద తిని, “అమ్మా, ఇవాళ మిక్సీలో వేశావా?” అన్నాడు. సూరమ్మ లేచి వచ్చి, పొత్రం ఎడం కొసను వేలితో తడిమింది. మళ్లీ తడిమింది. “ఆయో, ఈడు మనోడు కాడు!” అని దిమ్మ పక్కనే కూలబడింది. మొదటిసారి ఆవిడా నేనూ ఒకే సంగతికి ఏడ్చాం.

ఆ సాయంత్రమే లింగయ్య గారి భార్య ప్రేమిలకు ఫోను చేసింది. “మా బాబా మీకాడ ఉన్నాడమ్మా, మీ బాబా మాకాడ.”

“రాళ్లే కదా పిన్నీ, ఏదైతేనేం. తీరిక చూసుకుని పంపిస్తాలే,” అంది ప్రేమిల. తీరిక రాలేదు.

సూరమ్మ తానే వెళ్లి తెచ్చుకుంటానంటే దేవిన చెయ్యి పట్టుకుని ఆపింది. వాన పడితే మా సందులోకి నీళ్లు వస్తాయి. మురుగు కాలువ వేయిస్తానని లింగయ్య గారు మాట ఇచ్చి ఉన్నారు. “ఒక రాయి కోసం వాళ్లతో చెడగొట్టుకుంటామా అత్తా? కాలువ పని అయ్యేదాకా ఊరుకోండి.” తరవాత నెమ్మదిగా ఇంకో మాట చెప్పింది. మొన్న అటు వెళ్తే చూసిందట, బాబాను కారు షెడ్డు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారట.

నా బిడ్డ! తుపానుకు కదలనివాడు కారు షెడ్డు తలుపుకు అడ్డమా! నాకు ఆ రోజు నుంచి ఒకటే ఆలోచన. కారు వెనక్కి తీసేటప్పుడు చక్రం ఎక్కిస్తారేమో, రెండు ముక్కలవుతాడేమో. ఆ మరుక్షణమే ఇంకో పాడు ఆలోచన. అక్కడ సముద్రపు గాలి తగులుతుంది, పని లేదు, మిరపకాయ మంట లేదు. వాడికి అక్కడే బాగుందేమో. కుండీ మోసే ఆ గేటు సన్నికల్లు వాణ్ణి రోజూ చూస్తోందేమో. మొదటిదానికంటే రెండోదానికే నేను ఎక్కువ ఏడ్చానని ఇప్పుడు ఒప్పుకుంటే తప్పేమిటి?

ఇక్కడున్న పరాయివాణ్ణి నేను దగ్గరికి రానివ్వలేదు. కానీ సూరమ్మకు పూట గడవాలి కదా. రోజూ వాణ్ణే పట్టుకుంది. ముందు తిట్టుకుంటూ పట్టుకుంది, తరవాత తిట్టకుండా పట్టుకుంది. ఒకరోజు కడిగి తుడుస్తూ, “నీ తప్పేటుందిలేరా,” అని నిమిరింది. నేను భగ్గుమన్నాను. ఆ నిమురు నా బిడ్డది.

ఏడాదిన్నర గడిచింది. కాలువ రాలేదు, ఎన్నికలు వచ్చాయి.

ఈ దేశంలో ఓటు ఒకటి కాదు, మనిషికి మూడు. కాగితం మీద ముగ్గురి పేర్లకూ గుర్తు పెట్టాలి. ముగ్గురికి తగ్గితే ఆ కాగితం చెల్లదు. అందుకని మొదటి రెండు పేర్లు ఎవరికి వాళ్లు ముందే అనుకున్నా, మూడో పేరు కోసం మాత్రం పెద్దపెద్దవాళ్లు కూడా పెరటి గుమ్మాల్లోంచి వస్తారు. లింగయ్య గారూ ప్రేమిలా మా వంటపాకలోకి వచ్చారు. ఆయన సూరమ్మ కాళ్లకు దండం కూడా పెట్టాడు.

“కాలువ సంగతి నాకు గుర్తుంది పెద్దమ్మా. ఈసారి గెలవగానే మొదటి పని అదే.”

“కాలవ మాట అలగుంచు నాయినా,” అంది సూరమ్మ చేతిలో ఉన్న పొత్రాన్ని ఆపకుండానే. “ఇద్దరి పేర్లు అనుకున్నాను. మూడో పేరు ఇంకా అనుకోలేదు. మా బాబా ఇంటికొస్తే అనుకుంటాను.”

“ఎవరి బాబా?” అన్నాడాయన కంగారుగా. పాపం, ఏ ఇంట్లో ఏ బిడ్డను మరిచిపోయి వచ్చాడోనని అనుకున్నట్టున్నాడు.

దేవిన నోరు మూసుకుని నవ్వు ఆపుకుంది. ప్రేమిల ఎర్రబడి, “కారు షెడ్డు దగ్గరున్న రాయి అండీ,” అంది.

“అదా? డ్రైవర్‌కి చెప్పు!”

అరగంటలో, జెండాలు కట్టిన కారులో, వెనక సీటు మీద ఒక్కడే కూర్చుని నా బిడ్డ వచ్చాడు. ఎడం కొసన పెచ్చు. ఒంటి నిండా దుమ్ము, ఒక చోట ఆయిలు మరక. చక్రం ఎక్కలేదు. సూరమ్మ వేడినీళ్లతో రుద్ది, తుడిచి, నా పల్లంలో పెట్టింది. వాడు కదలకుండా కూర్చున్నాడు.

రెండోవాణ్ణి సూరమ్మ తువ్వాల్లో చుట్టి అప్పగించింది. “తువ్వాలు కూడా ఉంచుకో అమ్మా. ఈడిప్పుడు పని నేర్సినోడు. తలుపుకి పెట్టకు,” అంది. ప్రేమిల తల ఊపింది. ఆ తల ఊపటం మీద నాకు నమ్మకం కుదరలేదు.

లింగయ్య గారు కొద్ది ఓట్లతో ఓడిపోయారు. ఈ దేశంలో ఓడినవాళ్లలో కూడా కొందరిని ఏరి కుర్చీ ఇస్తారు, అన్ని జాతులవాళ్లూ సభలో ఉండాలని. ఆయన దానికోసం రోజంతా రేడియో పక్కనే కూర్చున్నారట. ఆయన పేరు చదవలేదు. ఓడినవాళ్లకు కూడా పిలుపు వచ్చే చోట పిలుపు రాకపోవటం ఎలా ఉంటుందో నేను ఊహించుకోగలను. సూరమ్మ మూడో గుర్తు ఆయనకే పెట్టింది. మాటంటే మాట.

మరునాడు సటినీ మెత్తగా వచ్చింది. రాజెన్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. అంతా సుఖమే అనాలి. కానీ వాడు నా మీద దొర్లుతున్నప్పుడు, రెండు అంచుల దగ్గర ఒక చిన్న ఖాళీ తెలిసింది. అక్కడ వాడు నన్ను తగలటం లేదు. ఏడాదిన్నరలో ఆ పరాయివాడు తన రెండు కొసలతో అంచులను అరగదీసుకుని, మెల్లగా తనకో చోటు చేసుకున్నాడు. నాకు తెలియకుండానే నేను ఒరిగి చోటిచ్చాను.

ఇవాళ రేడియోలో మూడో నంబరు తుపాను హెచ్చరిక చెప్పారు, ఇక్కడ నాలుగో నంబరే ఆఖరిది. ఇప్పటివి సిమెంటు ఇళ్లు, ఎగిరిపోవు. రాజెన్ కిటికీలకు చెక్కలు కొడుతున్నాడు. దేవిన కొవ్వొత్తులు వెతుకుతోంది. సూరమ్మ వచ్చి నా బిడ్డను గోనెపట్టాతో కప్పి, పట్టా కొసలు నా కిందికి దోపి వెళ్లింది. గాలి లేస్తోంది. వీడి గురించి నాకు ఈసారి భయం లేదు, పల్లంలో ఉన్నాడు. ఆ రెండోవాణ్ణి కారు షెడ్డు దగ్గరే ఉంచారో, ఆ గేటు పక్కదాని మీంచి కుండీ తీసి దాని ఒళ్లో పెట్టారో. దాని ఒళ్లో పెట్టి ఉంటే వాడు గట్టెక్కినట్టే. కానీ అదొక చదునైన రాయి, ఒక్కనాడు బిడ్డను మోసి ఎరగదు. దానికి వాణ్ణి పట్టుకోవటం చేతనవుతుందా? చేతనైతే మాత్రం, నేను పని నేర్పిన పిల్లవాడు దాని ఒళ్లో హాయిగా పడుకుంటే, నేను ఎలా చూడను?