బేకన్ గదిలో ఈల

అమెరికాలో మా ఒమాహా ఊరి మాంసం ఫ్యాక్టరీలో యూనియన్ నియమం ఒక్కటే: ఈల వినబడితే కత్తి కింద పెట్టాలి. ఎవరు ఊదారు, ఎందుకు ఊదారు అన్నది తర్వాత సంగతి. ఒక్కో గదిలో యూనియన్ తరఫున ఒకరి మెడలో ఈల వేలాడుతుండేది. ఎవరి వేలు తెగినా, ఫోర్‌మన్ ఎవరిమీద నోరు పారేసుకున్నా అది మోగేది. కింది నుంచి పైదాకా అన్ని గదులూ ఆగిపోయేవి. వేడినీళ్ల తొట్టిలో పందులు నానిపోతుంటే కంపెనీవాళ్లు లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చేవారు. మా తమ్ముడు లూషియస్‌ది పైన పందుల్ని కోసే అంతస్తు. "చర్చి గంటకైనా లేవనేమో గానీ ఈలకి మాత్రం ఆగుతానక్కా" అనేవాడు.

నా పేరు ఆల్బర్టీన్. పేగులు కడిగే గదిలోనే నా వయసంతా గడిచిపోయింది. చలికాలం కూడా చన్నీళ్లలో చేతులు, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, ఇంటికెళ్లి ఎంత సబ్బు రుద్దుకున్నా వదలని కంపు. ఆ గదిలో అందరం నల్లవాళ్లమే. ఉప్పు పట్టించిన పందిమాంసం, బేకన్, తూచి పెట్టెల్లో సర్దే గదిలో అందరూ తెల్లవాళ్లే. ఊళ్లో దొరసానులూ బడిపిల్లలూ వచ్చి చూసిపోతారని ఆ గదికి అద్దాల గోడ పెట్టారు. నల్ల చేతులు తాకడం చూస్తే జనం బేకన్ కొనరట! పేగులో మాంసం కూరిన సాసేజి తినేటప్పుడు ఆ పేగు కడిగింది ఎవరి చేతులని ఒక్కరైనా అడిగారా? తలుచుకుంటే ఒళ్లు మండిపోయేది నాకు.

పంతొమ్మిదివందల యాభై మూడులో యూనియన్ పంతం పట్టింది. ఏ గదిలో ఖాళీ వచ్చినా ఎక్కువకాలంగా పనిచేస్తున్నవాళ్లకే ఇవ్వాలి, రంగు చూడకూడదు అని. మా అధ్యక్షుడు ఎమిల్ నోవాక్ చెక్ మనిషి, తెల్లవాడే. కంపెనీతో పోట్లాడి పోట్లాడి ఒప్పించాడు. బేకన్ గదిలో మొదటి ఖాళీ నాకొచ్చింది.

సోమవారం పొద్దున తెల్లకోటు తొడుక్కుని తక్కెడ దగ్గర నిలబడ్డాను. పక్కన హేజెల్ క్రూగర్. ఆ గది ఈల ఆవిడ మెడలోనే ఉంటుంది. వెనక సమ్మె జరిగినప్పుడు మా చర్చి వంటగదిలో ఆవిడ పిల్లలకి బీన్స్ సూప్ పోసింది నేనే.

"పిల్లలు బాగున్నారా హేజెల్?" అన్నాను.

ఆవిడ నా మొహం చూడలేదు. "మాకు బట్టలు మార్చుకునే గది ఒక్కటే ఉంది ఆల్బర్టీన్. ఈ గదిలో అమ్మాయిలు ఒప్పుకోవట్లేదు."

"నా బట్టలు మీ బట్టల్ని కరుస్తాయా ఏంటి?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హేజెల్ మొహం కందగడ్డయింది. ఈల నోట్లో పెట్టుకుని ఊదేసింది.

అయ్యో దేవుడా! నన్ను వెళ్లగొట్టడానికి మా యూనియన్ ఈలే ఊదింది. బేకన్ గది ఆగింది. పక్క గది ఆగింది. ఆ తర్వాత పైన పందుల్ని వేలాడదీసి నడిపే గొలుసు చప్పుడు ఆగిపోయింది. పైన కోతపనిలో ఉన్న మా నల్లవాళ్లంతా ఎందుకో కూడా తెలియకుండానే కత్తులు కింద పెట్టేశారు. నామీద మోగిన ఈలకి నా తమ్ముడే ఆగాడు.

లూషియస్ నెత్తుటి ఏప్రన్‌తో మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. "ఎవరికి తెగింది? ఎవరికి?"

"ఎవరికీ తెగలేదురా. నేనొచ్చానని ఊదారు."

వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఈలోగా ఎమిల్ ఆయాసపడుతూ వచ్చాడు.

"నా మాట విను ఆల్బర్టీన్. ఈ ఒక్కరోజుకి పాత గదికెళ్లు. సాయంత్రం మీటింగులో తేల్చేస్తాను."

"ఈ గుమ్మం దాటితే మళ్లీ రానిస్తారా? నేను కదల్ను."

"పైకి పోయి నేను పని మొదలెట్టిస్తా" అన్నాడు లూషియస్.

"ఈల మోగాక కత్తి పట్టుకుంటే ద్రోహం లూషియస్!" అన్నాడు ఎమిల్. " ఇన్నేళ్లలో ఒక్కడు పట్టలేదు. రేపు నిజంగా అవసరమైతే ఎవడాగుతాడు?"

"ద్రోహం ఎవరిదో ఆవిణ్ణడుగు" అని వాడు మెట్లెక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి పైన గొలుసు కదిలింది. అద్దాల అవతల ఫోర్‌మన్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. కంపెనీ ఎన్నాళ్లు తన్నుకున్నా మమ్మల్ని చీల్చలేకపోయింది, ఆ పని మాకు మేమే చేసిపెట్టాం మరి. ఎమిల్ ఆ నవ్వు చూశాడు. హేజెల్ మెడలోంచి ఈల తీసేసుకున్నాడు. "యూనియన్ దీని వెనక లేదు. ఉండేవాళ్లు ఉండండి, పోయేవాళ్లు పోండి" అన్నాడు.

నలుగురైదుగురు కోట్లు విసిరేసి పోయారు. మిగతావాళ్లు గొణుక్కుంటూ పనిలోకొచ్చారు. హేజెల్ కూడా వచ్చింది. మొగుడు లేని మనిషి, పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోతుంది? ఎమిల్ ఆ ఈల తెచ్చి నా మెడలో వేశాడు. గెలిచానన్నారందరూ. ఆ సాయంత్రం లూషియస్ మొక్కజొన్న రొట్టె సగంలోనే వదిలేసి లేచిపోయాడు. ఈల మోగాక కత్తి పట్టిన మొదటివాడు నా తమ్ముడే.

క్రిస్మస్ గిరాకీ అని కంపెనీ బేకన్ మోసుకొచ్చే బెల్టు వేగం పెంచింది. రోజూ ఫోర్‌మన్‌తో గొడవపడుతూనే ఉన్నాను. "పిల్లా, నోరు కాదు, చేతులు ఆడించు" అనేవాడు, నలభై దాటిన నన్ను పట్టుకుని. చివరికి ఒకరోజు మధ్యాహ్నం బేకన్ ముక్కలు కోసే మిషన్ హేజెల్ చేతిని లాగేసింది.

మిషన్ ఆపి, నా ఏప్రన్ ఆవిడ చేతికి చుట్టాను. "బెల్టు తగ్గిస్తారా లేదా?" అని ఫోర్‌మన్ మీద అరిచాను. వాడు పైకి చూసి భుజాలెగరేశాడు. పైన గొలుసు ఆగితే తప్ప మా మాట వినేవాడు లేడు. ఉన్న ఊపిరంతా పెట్టి ఈల ఊదాను.

బేకన్ గది ఆగింది. పైన గొలుసు ఆగలేదు.

"మళ్లీ ఊదు ఆల్బర్టీన్, ఊదు" అంటోంది హేజెల్, నా భుజమ్మీద పడి వణికిపోతూ. మళ్లీ ఊదాను.

మెట్లమీద లూషియస్ కనబడ్డాడు. ఒక్కడే వచ్చాడు.

"ఎవరికి తెగిందక్కా? మనవాళ్లకేనా?"

ఈల మోగాక ఆ మాట అడిగినవాణ్ణి నేనెన్నడూ చూడలేదు.

"ముందు కత్తి కింద పెట్టరా!" అని అరిచాను.

వాడు హేజెల్ చేతికేసి చూశాడు. నాకేసి చూశాడు. కత్తి వాడి చేతిలోనే ఉంది, పైన గొలుసు నడుస్తూనే ఉంది.