మూత వేస్తే ఆగిన గంటలు

చిన్నక్కకు గోడ గడియారం వంక చూసే అలవాటే లేదు. కంప్యూటర్ తెర మీద పెట్టుకున్న కౌంట్‌డౌన్ టైమర్ అంటే మాత్రం మహా గురి. పిల్లల పుస్తకానికి పన్నెండు బొమ్మలు గీసి డెబ్బై రెండు గంటల్లో పంపాలని ప్రచురణకర్త మెయిల్ పెట్టాడు. ఆలస్యమైతే పని వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. పదేళ్ల తర్వాత దొరికిన పుస్తకమాయె! మెయిల్ చూసిన నిమిషంలోనే టైమర్‌లో 72 అని కొట్టింది.

ఇప్పుడది ఇంకా ఇరవై ఆరు గంటలున్నాయంటోంది. కాకపోతే లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా అంకెలు కాసేపు బిగుసుకుపోతున్నాయి. అందుకే కంప్యూటర్లు బాగుచేసే తమ్ముణ్ణి పిలిచింది.

తమ్ముడు టైమర్‌ను తన చేతి గడియారంతో పోల్చి చూశాడు. నిమిషానికి నిమిషం సరిపోయింది. "నిక్షేపంలా ఉందిగా అక్కా! అంతా నీ చాదస్తం."

"సరేలే, టీ తాగుదువుగాని రా." లేస్తూ లేస్తూ లాప్‌టాప్ మూత మూసింది. దుమ్ము పడుతుందని అటూ ఇటూ కదిలినా మూసేస్తుంది.

టీ తాగి వచ్చి తెరిస్తే, అంకెలు వెళ్లేముందు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. తమ్ముడి ముఖం పాలిపోయింది.

"అక్కా, మూత వేస్తే ఇది కూడా నిద్రపోతోందే! రాత్రుళ్లు కూడా మూశావా?"

"మూయక? అన్నానికి లేచినా మూస్తాను."

"మెయిల్ ఎప్పుడొచ్చింది?"

"సోమవారం పొద్దున పదకొండింటికి."

ఇవాళ గురువారం. గోడ మీద పదీ నలభై.

చిన్నక్క కళ్లు ఇంతింతయ్యాయి. ఇరవై ఆరు గంటలు కాదు, ఇరవై నిమిషాలు! రాత్రి ఎంత హాయిగా పడుకుంది, సిగ్గులేకుండా!

పదకొండు బొమ్మలు నిన్ననే అయిపోయాయి. పన్నెండో దాంట్లో, తప్పిపోయిన మేక వంటింట్లో ప్రత్యక్షమైతే అవ్వ నిర్ఘాంతపోవాలి. ఆ కళ్లు ఎంతకీ కుదరక ఆరుసార్లు చెరిపింది. పొద్దున ఏడోసారి చెరిపి, ఇంకా బోలెడు టైముందిలే అని ఊరుకుంది. అవ్వకిప్పుడు కళ్లే లేవు.

"తర్వాత ఏడుద్దువుగాని, ముందు గియ్యవే!" అని అరిచాడు తమ్ముడు.

గబగబా రెండు కళ్లూ గీసేసింది. బాగున్నాయో లేదో చూసుకోనైనా లేదు. పదీ యాభై తొమ్మిదికి పంపింది.

మధ్యాహ్నం జవాబొచ్చింది. "బొమ్మలు అందాయి. పుస్తకం మీదే. అవ్వ కళ్లు మాత్రం దయచేసి మార్చకండి. అంతగా నిర్ఘాంతపోయిన ముఖం ఎక్కడ చూశారండీ?"

చిన్నక్క బావురుమంది. ఏం చెయ్యాలో తోచక తమ్ముడు లాప్‌టాప్ మూత వెయ్యబోయాడు.

"ఒరేయ్, దాని మీద చెయ్యి వేశావంటే చంపేస్తాను!"